పత్తర్‌గట్టి కేంద్రంగా నిపుణ కార్మికుల వలస – ప్రభుత్వ విధానం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పని తెలిసినవారు ఉన్న ఊరిని ఎందుకు విడిచి వెళతారు? వారి నిర్ణయాన్ని ప్రభుత్వ విధానం ఎంతవరకు మార్చగలదు? ఈ ప్రశ్నలను హైదరాబాదు పాతనగరంలోని పత్తర్‌గట్టి, దాని పరిసర బజార్ల చరిత్ర ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సాలార్‌జంగ్ కాలపు ఉద్యోగ నియామకాలు, మూసీ వరద అనంతర నగర నిర్మాణం, ముల్కీ నిబంధనలు, 1963 నాటి బంగారు నియంత్రణ, 1983 నాటి వలస చట్టం ఇక్కడి ప్రధాన ఆధారాలు. ప్రభుత్వం నైపుణ్యానికి పని కల్పించినప్పుడు నిపుణులు వచ్చారు, నిలిచారు. నైపుణ్యానికి బదులు దాని పత్రాన్ని మాత్రమే నియంత్రించినప్పుడు వలస ఆగలేదు. వెళ్లినవారి బేరసార శక్తి మాత్రం తగ్గింది. ఇదే ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: పత్తర్‌గట్టి, నిపుణ కార్మికులు, వలస, ముల్కీ, గల్ఫ్, వలస చట్టం, వృత్తి నైపుణ్యం.

1. ఉపోద్ఘాతం

నయాపూల్ దాటి దక్షిణంగా చార్మినార్ వైపు నడిచేవారికి మదీనా భవనం తరువాత రెండు వైపులా రాతి కమానుల వరుస కనిపిస్తుంది. ఆ వరుస మఛ్లీ కమాన్ దాకా సాగుతుంది. ‘పత్థర్’ అంటే రాయి. వీథి పేరులోనే దాని నిర్మాణ స్వభావం ఉంది. ముత్యాలు, అత్తర్లు, పెళ్లి దుస్తులు, బట్టల దుకాణాలతో ఇది నేటికీ నగరంలో రద్దీగా ఉండే అంగళ్లలో ఒకటి. పడమరన లాడ్ బజార్ గాజులు, దక్షిణాన చార్ కమాన్, గుల్జార్ హౌజ్ పరిసరాల నగల దుకాణాలు, తూర్పున ఛత్తా బజార్ ముద్రణాలయాలు, దివాన్ దేవ్డీ ఈ వీథికి ఆనుకొని ఒకే ఆర్థిక ప్రాంతంగా పనిచేస్తాయి.

పత్తర్‌గట్టిని సాధారణంగా వారసత్వ కట్టడంగానో, వాణిజ్య కేంద్రంగానో వర్ణిస్తారు. నిపుణుల రాకపోకల చరిత్రగా దీనిని చదివితే మరొక అర్థం తోస్తుంది. ఇక్కడ అమ్ముడయ్యే ముత్యం హైదరాబాదు సీమలో పుట్టదు. ఈ వీథి రూపకల్పనకు దారితీసిన ప్రణాళికలో పాలుపంచుకున్న నిపుణులలో పలువురు స్థానికులు కారు. ఇక్కడ పెళ్లి బట్టలు కొనే కుటుంబాలలో అనేకం గల్ఫ్ సంపాదన మీద నడిచినవి. నగర స్థాపన నుంచే ఈ లక్షణం ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు పేష్వాగా ఉండి నగర నిర్మాణంలో ముఖ్యపాత్ర వహించిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి వలస వచ్చినవాడే. కనుక వలసకూ విధానానికీ ఉన్న సంబంధాన్ని దీర్ఘకాలంలో గమనించడానికి ఈ చిన్న ప్రాంతం అనువైన క్షేత్రం.

2. సిద్ధాంత భూమిక

వలసకు సూత్రాలున్నాయని 1885లో ఇ.జి. రావెన్‌స్టయిన్ ప్రతిపాదించాడు. ఆర్థిక కారణాలే వలసకు ప్రధానమన్నది అతని నిర్ధారణలలో ఒకటి. 1966లో ఎవరెట్ ఎస్. లీ ఈ చర్చను విస్తరించి, వలసను నిర్ణయించే అంశాలను నాలుగుగా విభజించాడు. మూలస్థానానికి చెందినవి, గమ్యస్థానానికి చెందినవి, నడుమ ఎదురయ్యే ఆటంకాలు, వ్యక్తిగతమైనవి. ఈ నమూనాలో చట్టాలు, అనుమతులు ప్రధానంగా ‘నడుమ ఆటంకాల’ కిందికి వస్తాయి. 1970వ దశకంలో జగదీశ్ భగవతి, విదేశాలకు వెళ్లిన నిపుణుల ఆదాయంపై పన్ను విధించి స్వదేశానికి పరిహారం చెల్లించాలన్న ఆలోచనను ముందుకు తెచ్చాడు. అందుకు భిన్నంగా ఓడెడ్ స్టార్క్ వంటి ఆర్థికవేత్తలు, విదేశీ అవకాశాల ఆశ స్వదేశంలో చదువును, శిక్షణను పెంచగలదని వాదించారు.

ఈ వాదాలన్నీ నైపుణ్యాన్ని ముందే సిద్ధమై ఉన్న వస్తువుగా, విధానాన్ని ఆ వస్తువు కదలికకు అడ్డుగానో దారిగానో చూస్తాయి. పత్తర్‌గట్టి చరిత్ర ఈ అవగాహనకు ఒక సవరణ చేర్చమంటుంది. నైపుణ్యం ఎక్కడ పుడుతుంది, ఎక్కడ పెరుగుతుంది, ఎప్పుడు నిరుపయోగమవుతుంది అన్నవాటిని కూడా రాజ్యమే చాలావరకు నిర్ణయించింది. వలస ఆ తరువాతి ఘట్టం.

3. ఆహ్వానం: దివాన్ దేవ్డీ నుంచి నగరాభివృద్ధి మండలి వరకు

పత్తర్‌గట్టి పక్కనే ఉన్న దివాన్ దేవ్డీ సాలార్‌జంగ్ వంశీయుల నివాసం. నేడు అది వస్త్ర వ్యాపార కేంద్రం. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ 1853 నుంచి 1883 వరకు దివాన్‌గా ఉండి రెవెన్యూ, న్యాయ, విద్యా శాఖలను కొత్తగా నిర్మించాడు. ఆ శాఖలను నడిపేందుకు బ్రిటిష్ ఇండియా పాలనా పద్ధతులు తెలిసినవారు కావలసివచ్చారు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహ్సిన్-ఉల్-ముల్క్, చిరాగ్ అలీ వంటివారు ఉత్తర భారతం నుంచి వచ్చారు. బెంగాల్ నుంచి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ వచ్చి ఉన్నత విద్యకు పునాది వేశాడు. 1857 తరువాత ఉత్తరాదిలో పాత ఆశ్రయాలు కూలిపోయాయి. హైదరాబాదులో కొత్త పదవులు ఏర్పడ్డాయి. ఈ రెండు కారణాలూ కలిసి వారిని ఇక్కడికి చేర్చాయి.

రెండవ ఆహ్వానానికి ప్రకృతి వైపరీత్యం కారణమైంది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరంలో అపార ప్రాణనష్టం కలిగించింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ప్రత్యేక సలహాదారు ఇంజనీరుగా పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగా ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు తరువాతి కాలంలో నిర్మితమయ్యాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు వాడల స్థానంలో వెడల్పాటి వీథులు, ఒకే ఎత్తు కమానులతో అంగళ్లు కట్టాలన్న మండలి ప్రణాళికకు పత్తర్‌గట్టి ఒక ప్రధాన ఉదాహరణ. అదే కాలంలో ఆంగ్ల వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ మూసీ తీరాన హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి, నేటి సిటీ కళాశాల భవనాలకు రూపకల్పన చేశాడు.

ఈ నిపుణులను రప్పించిన ఆకర్షణలో వేతనంతో పాటు పని విస్తృతి కూడా ఉంది. ఒక నగరాన్ని తిరిగి నిర్మించే అవకాశం, దానికి నిధులు, అధికారం ఒకేచోట దొరికాయి. నిపుణుడు వేతనం ఎక్కువ ఉన్నచోటికే వెళతాడన్న సూత్రం పూర్తి సత్యం కాదు. తన విద్యకు తగిన పని ఉన్నచోటు కూడా అతనిని పిలుస్తుంది. విశ్వేశ్వరయ్య 1909లోనే మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరు పదవికి వెళ్లిపోయాడు. పిలిచే సంస్థానాల మధ్య పోటీ ఉన్నంతకాలం నిపుణునికి ఎంపిక స్వేచ్ఛ ఉంటుందని ఈ ఉదంతం కూడా సూచిస్తుంది.

4. హద్దు: ముల్కీ నిబంధనలు

ఆహ్వానం వెనుకే అసంతృప్తి వచ్చింది. బయటివారు పెద్ద పదవులను ఆక్రమించారని స్థానిక విద్యావంతులు 19వ శతాబ్ది చివరి నుంచే ఆక్షేపించారు. 1919లో నిజాం ప్రభుత్వం ముల్కీ నిబంధనలను ప్రకటించింది. స్థానికుడు కానివాడు 15 సంవత్సరాల నివాసం పూర్తి చేస్తే ముల్కీగా పరిగణన పొందుతాడు. ప్రభుత్వోద్యోగాలకు ఆ హోదా అవసరం. స్థానికులకు న్యాయం చేయాలన్న ఉద్దేశం ఇందులో సమంజసమైనదే. విధానం పనిచేసిన తీరు మాత్రం పరిశీలనార్హం.

మొదటి అంశం: ఆ సంవత్సరాలలోనే ప్రభుత్వం 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం, దాని అనువాద సంస్థ కోసం ఉత్తరాది ఉర్దూ పండితులను రప్పించింది. మౌల్వీ అబ్దుల్ హక్, జోష్ మలీహాబాదీ వంటివారు అందులో పనిచేశారు. ఒకవైపు తలుపు మూసిన రాజ్యం మరొకవైపు తానే తెరిచింది. కొత్త విశ్వవిద్యాలయంలో బోధనకు కావలసిన భాషా నైపుణ్యం తెలుగు, మరాఠీ, కన్నడ మాతృభాషలైన అధిక సంఖ్యాకులకు అందుబాటులో లేదు. ఎవరు నిపుణులో, ఎవరు కారో తేల్చినది బోధనా మాధ్యమ నిర్ణయం. నివాస నిబంధన ఆ తేడాను సరిచేయలేదు.

రెండవ అంశం: ముల్కీ నిబంధన ప్రభుత్వోద్యోగానికే పరిమితం. బజారుకు అది వర్తించలేదు. పత్తర్‌గట్టి కమానుల కింద మార్వాడీ, గుజరాతీ, ఉత్తరాది వర్తకులు, స్థానికులు కలిసే వ్యాపారం చేశారు.

మూడవ అంశం: నివాస ధ్రువపత్రం నైపుణ్యానికి ప్రత్యామ్నాయంగా మారినప్పుడు వివాదం ఆ పత్రం చుట్టూ తిరిగింది. 1952 సెప్టెంబరులో బోగస్ ముల్కీ ధ్రువపత్రాల ఆరోపణలు విద్యార్థి ఉద్యమానికి దారితీశాయి. పత్తర్‌గట్టికి కూతవేటు దూరంలోని సిటీ కళాశాల పరిసరాల్లో పోలీసు కాల్పులు జరిగాయి. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి నాయకత్వాన విచారణ సాగింది. 1957 నాటి ప్రభుత్వోద్యోగాల నివాస చట్టం, 1969లో దాని నిబంధనను సుప్రీంకోర్టు కొట్టివేయడం, 1972లో ముల్కీ నిబంధనలను అదే న్యాయస్థానం సమర్థించడం, 1973 ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం ఈ వివాదపు తదుపరి మజిలీలు. ఉద్యోగాల పంపిణీని ఈ చర్యలు ప్రభావితం చేశాయి. స్థానికుల నైపుణ్యాన్ని పెంచే పని మాత్రం వేరే విధానం కోరుతుంది.

5. ముత్యం, కలం, బంగారం: మూడు వృత్తుల పరిణామం

5.1 ముత్యం: సముద్రానికి వందల మైళ్ల దూరంలో ఉన్న హైదరాబాదు ముత్యాల నగరం కావడం వృత్తి నైపుణ్య చరిత్రలో ఆసక్తికరమైన విషయం. పర్షియన్ సింధుశాఖ నుంచి, బస్రా పేరుతో ప్రసిద్ధమైన ముత్యాలు ఇక్కడికి వచ్చేవి. రంధ్రం వేయడం, శుభ్రపరచడం, రంగు, గుండ్రదనాన్ని బట్టి వేరు చేయడం, పట్వాలు దారంతో గుచ్చడం ఇక్కడ జరిగేవి. ముడిసరుకు లేని చోట ఈ పనితనం స్థిరపడడానికి నిజాం దర్బారు, జాగీర్దారీ కుటుంబాల కొనుగోలే కారణం. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో జపాను సాగు ముత్యాలు గల్ఫ్ ముత్యపు వేటను దెబ్బతీశాయి. సరుకు మారినా పనితనం ఇక్కడే నిలిచింది. నేడు చైనా మంచినీటి ముత్యాలు కూడా ఈ దుకాణాలకు చేరుతున్నాయి. కొనేవాడు, పనిచేసేవాడు దగ్గరగా ఉన్న చోటును నైపుణ్యం సులభంగా వదలదని దీనివల్ల తెలుస్తుంది.

5.2 కలం: ఛత్తా బజార్ ఉర్దూ ముద్రణకు, కాతిబుల చేతిరాతకు ప్రసిద్ధి. ఉర్దూ పాలనా భాషగా, విశ్వవిద్యాలయ బోధనా భాషగా ఉన్న కాలంలో పాఠ్యపుస్తకాలు, పారిభాషిక నిఘంటువులు, ప్రభుత్వ ప్రకటనలు ఈ వృత్తికి నిరంతరం పని కల్పించాయి. 1948 తరువాత విశ్వవిద్యాలయ మాధ్యమం మారింది. పాలనా భాషా మారింది. ఆ పై కంప్యూటర్ లిపి వచ్చింది. మిగిలిన పని ప్రధానంగా పెళ్లి పత్రికలకు, ప్రకటనలకు కుదించుకుపోయింది. ఈ వృత్తిని ఎవరూ నిషేధించలేదు. దానిని పోషించిన విధానం ఆగిపోవడమే చాలింది.

5.3 బంగారం: చార్ కమాన్, గుల్జార్ హౌజ్ ప్రాంతపు నగల వ్యాపారానికి ఆధారమైన అవుసులవారి వృత్తి మీద ప్రత్యక్షంగా పడిన చట్టం 1963 నాటి బంగారు నియంత్రణ. చైనా యుద్ధానంతరం విదేశీ మారకద్రవ్యాన్ని కాపాడాలని, బంగారం దొంగరవాణాను అరికట్టాలని ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ దీనిని తెచ్చాడు. 14 క్యారట్లకు మించిన శుద్ధతతో కొత్త నగలు చేయరాదన్న షరతు దేశవ్యాప్తంగా స్వర్ణకారులను ఉపాధి లేనివారిగా చేసింది. 22 క్యారట్ల మేలిమితో పనిచేసే చేతికి 14 క్యారట్ల లోహం కొత్తది. కొనేవారికి అది ఇష్టం లేనిది. ఆకలి, ఆత్మహత్యల వార్తలతో నిరసన చెలరేగింది. క్యారట్ల షరతును కొన్నేళ్లకే సడలించినా, 1968 చట్టం ద్వారా లైసెన్సుల వ్యవస్థ కొనసాగింది. అది 1990లో రద్దయింది.

బంగారం మీద మోజును తగ్గించాలన్న విధానం బంగారాన్ని ఆపలేదు. దానిని మలిచే చేతిని ఆపింది. తరాల నుంచి తండ్రి వద్ద కొడుకు నేర్చుకున్న విద్యలో ఒక దశాబ్దపు విరామం పడితే, ఆ తరువాత గిరాకీ తిరిగి వచ్చినా నేర్పేవాడు, నేర్చుకునేవాడు ఒకేచోట ఉండరు. నేడు పాతనగరపు నగల కార్ఖానాలలో బెంగాల్ నుంచి వచ్చిన పనివారు పెద్ద సంఖ్యలో కనిపిస్తారు. తెలుగు నాట పల్లెల్లో విశ్వబ్రాహ్మణ కుటుంబాలు కొలిమి వదిలి ఇతర పనులకు మళ్లాయి. యంత్రాల తయారీ, పెద్ద నగల సంస్థల ప్రవేశం ఈ పరిణామాన్ని వేగవంతం చేశాయి. మొదటి దెబ్బ మాత్రం నియంత్రణ వల్ల తగిలింది.

6. 1948 నుంచి గల్ఫ్ దాకా

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన పోలీసు చర్యతో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. సామాజిక న్యాయదృష్టితో ఇది అవశ్యమైన మార్పు. దర్బారు, జాగీర్లు పోషించిన వృత్తులకు బదులు ఉపాధి చూపే ఏర్పాటు మాత్రం దానితో పాటు రాలేదు. యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి సైనిక వృత్తి కోసం వచ్చి బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులు ఉద్యోగాలు కోల్పోయారు. పాలనలో పనిచేసిన విద్యావంతులలో కొందరు కరాచీ చేరారు. అక్కడి హైదరాబాద్ కాలనీ ఆ వలసకు గుర్తు. విదేశాలలో స్థిరపడిన హైదరాబాదీయుల మీద కరెన్ లియోనార్డ్ చేసిన పరిశోధన, ఒక నగర సమాజం అనేక దేశాలకు విస్తరించిన క్రమాన్ని వివరిస్తుంది.

1973లో చమురు ధరలు పెరిగి, గల్ఫ్ దేశాలలో నిర్మాణాలు ప్రారంభమైనప్పుడు పాతనగరంలో పనిచేతకాని జనం కాక, పని తెలిసీ పని దొరకని జనం ఉన్నారు. దర్జీలు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, డ్రైవర్లు, మెకానిక్కులు, గుమస్తాలు బయలుదేరారు. బార్కస్ కుటుంబాలకు అరబ్బు దేశాలతో ఉన్న భాషా బంధుత్వ సంబంధాలు దారి సుగమం చేశాయి. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వ్యవసాయం, నేత గిట్టుబాటు కానివారు, కడప, గోదావరి జిల్లాల నుంచి మరికొందరు అదే దారి పట్టారు.

మదీనా భవనం ఈ మార్పుకు సాక్ష్యంగా నిలుస్తుంది. దాని అద్దెలు అరేబియాలోని మదీనా వాసుల సహాయానికి ఉద్దేశించిన వక్ఫు ఆదాయం. చమురుకు ముందు ధనం హైదరాబాదు నుంచి హిజాజ్ వైపు ప్రవహించింది. చమురు తరువాత దిశ మారింది. ఒకప్పుడు గల్ఫ్ ముత్యం కొన్న వీథి, గల్ఫ్ జీతంతో పెళ్లి సామగ్రి అమ్మే వీథి అయింది.

7. పత్రం ఎంత కొలుస్తుంది?

విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967లో సత్వంత్ సింగ్ సాహనీ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. దాని ఫలితంగా అదే ఏడాది పాస్‌పోర్టు చట్టం వచ్చింది. కార్మికుల వలసను మాత్రం 1922 నాటి వలస పాలనా చట్టమే 1983 వరకు నడిపింది. 1983 వలస చట్టం నియామక ఏజెంట్లకు రిజిస్ట్రేషన్‌ను, కొన్ని వర్గాల కార్మికులకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది. కార్మికుల రక్షణే దాని ఉద్దేశం.

ప్రస్తుత పద్ధతిలో పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు నిర్ణీత 18 దేశాలకు ఉద్యోగార్థం వెళ్లాలంటే వలస అనుమతి పొందాలి. ఇక్కడ ఒక మౌలిక సమస్య ఉంది. చట్టం కొలిచేది బడి చదువును, నైపుణ్యాన్ని కాదు. 20 ఏళ్లు కుట్టుపని చేసిన దర్జీకి పదవ తరగతి లేకపోతే అతడు రక్షణ అవసరమైన సామాన్య కార్మికుడు. పదవ తరగతి చదివి ఏ పనీ రానివాడు స్వేచ్ఛగా వెళ్లగలవాడు. వీసాలో వృత్తిపేరు ‘లేబర్’ అని ఉండి, చేసే పని మేస్త్రీది లేదా ఎలక్ట్రీషియన్‌ది అయినప్పుడు జీతం పత్రాన్ని అనుసరిస్తుంది; శ్రమ చేతిని అనుసరిస్తుంది. అనుమతి కష్టమైన కొద్దీ సందర్శక వీసాతో వెళ్లి పనిలో చేరే మార్గం పెరుగుతుంది. అప్పుడు చట్టం ఉద్దేశించిన రక్షణ కూడా అతనికి ఉండదు.

వేతన విధానంలోనూ ఈ బలహీనత కనిపించింది. గల్ఫ్ దేశాలకు వెళ్లే భారతీయ కార్మికుల కనీస సిఫారసు వేతనాలను కేంద్రప్రభుత్వం 2020 సెప్టెంబరులో తగ్గించింది. కోవిడ్ కాలంలో ఉద్యోగాలు ఇతర దేశాల కార్మికులకు పోకుండా ఉండాలన్నది కారణం. తెలంగాణ వలస కార్మిక సంఘాలు దీనిని వ్యతిరేకించి హైకోర్టును ఆశ్రయించాయి. 2021లో పాత వేతనాలను పునరుద్ధరించారు. మన చేతిపని విలువను మన ప్రభుత్వమే తగ్గించి చెప్పవచ్చా అన్న ప్రశ్న ఆ వివాదంలో ప్రధానమైంది.

గమ్యదేశపు విధానం మరింత బలమైనది. 1990లో ఇరాక్ దురాక్రమణ వేళ కువైట్ నుంచి సుమారు 1.7 లక్షల మంది భారతీయులను విమానాలలో తరలించవలసి వచ్చింది. 2011లో సౌదీ అరేబియా నితాఖత్ ద్వారా స్వదేశీయుల నియామకాలను సంస్థలకు తప్పనిసరి చేసింది. 2017 జూలై నుంచి అక్కడి ప్రవాసులు తమపై ఆధారపడిన ఒక్కొక్క కుటుంబ సభ్యునికి నెలకు 100 రియాళ్ల రుసుము చెల్లించవలసివచ్చింది. 2020 నాటికి అది 400కు పెరిగింది. అనేక కుటుంబాలు తిరిగివచ్చాయి. తిరుగు ప్రయాణాన్ని కూడా ఇక్కడి పిలుపు కాక అక్కడి రుసుము నిర్ణయించింది.

ఉన్నత విద్యావంతుల విషయంలోనూ ఇదే తీరు. బ్రిటన్ 1962 కామన్వెల్త్ వలస చట్టంలో నైపుణ్యం గలవారికి ప్రత్యేక వోచర్లు ఇచ్చింది. అమెరికా 1965 చట్టం దేశాలవారీ పాత కోటాలను తొలగించింది. ఉస్మానియా వైద్య కళాశాల పట్టభద్రులలో పలువురికి ఆ దారులు తెరుచుకున్నాయి. 1990 చట్టంతో ఏర్పడిన హెచ్-1బి వీసా పరిమితి 65,000గా ఉండి, 2001–2003 మధ్య 1,95,000కు పెరిగి, 2004లో మళ్లీ పాత సంఖ్యకు తగ్గింది. హైదరాబాదు ఇంజనీర్ల ప్రయాణాల ఎత్తుపల్లాలను ఈ సంఖ్యలతో కలిపి చదవాలి.

8. ఖాళీ అయిన చోటికి వచ్చినవారు

ఒకరు వెళ్లిన చోటికి మరొకరు వస్తారు. ఈ రాకను కూడా విధానదృష్టితో చూడకపోతే చిత్రం అసంపూర్ణం. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. దీనికి తొమ్మిదేళ్ల ముందు, 2015 జనవరిలో, పాతనగరపు గాజుల తయారీ కేంద్రాల నుంచి పోలీసులు వందలాది బాలకార్మికులను విడిపించారు. వారిలో అత్యధికులు బీహార్ పిల్లలు. గుర్తింపు వస్తువుకు దక్కింది. దానిని చేసే చేతికి గిట్టుబాటు కూలి లేనప్పుడు, అనుభవం గల పనివారి స్థానంలో అతి చవకైన, అతి నిస్సహాయమైన శ్రమ వచ్చి చేరుతుంది. నిపుణుల వలస సమస్యను కేవలం ‘పోయినవారి’ సమస్యగా చూడరాదనడానికి ఇంతకంటె బలమైన సాక్ష్యం అక్కరలేదు.

9. నిలిపిన విధానం: ఒక పోలిక

పని కల్పించడం ద్వారా వలసను తగ్గించవచ్చా అన్నదానికి తెలంగాణలోనే సమీప ఉదాహరణ సిరిసిల్ల. 19వ శతాబ్ది నుంచి తెలుగు పద్మశాలి నేతగాళ్లు షోలాపూర్‌కు, తరువాత భివండీ, సూరత్ మరమగ్గాలకు వలస వెళ్లారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల తయారీని సిరిసిల్ల మరమగ్గాలకు అప్పగించడంతో అక్కడ ఏడాదిలో కొన్ని నెలల పాటు నికరమైన పని దొరికింది. 2024లో ఆ పంపిణీ ఆగగానే మగ్గాలు మూలబడ్డాయి. మళ్లీ మహిళా సంఘాల చీరలకు ఆర్డర్లు వచ్చిన తరువాతే కొంత ఊరట కలిగింది.

దీనిలో రెండు పాఠాలున్నాయి. ప్రభుత్వ కొనుగోలు నైపుణ్యాన్ని నిలుపుతుంది. ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడిన నైపుణ్యం అతనితోనే పడిపోతుంది. 1948 తరువాత పత్తర్‌గట్టి వృత్తులకు జరిగినది కూడా ఇదే. నిజాం దర్బారుకు, ఎన్నికైన ప్రభుత్వానికి స్వభావంలో ఎంత భేదమున్నా, ఏకైక పోషకుని పాత్రలో అవి కలిగించే ప్రమాదం ఒక్కటే. ముత్యాల పని నిలిచిందంటే, దర్బారు పోయేనాటికి దానికి సామాన్యుల పెళ్లి బజారు, పర్యాటకుల బజారు రెండూ ఏర్పడడం వల్లనే.

పత్రాన్ని పూర్తిగా నిరర్థకమని కూడా అనలేము. అది నైపుణ్యాన్ని నిజంగా కొలిస్తే బలమవుతుంది. 2023 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం స్వర్ణకారులు, దర్జీలు సహా 18 సంప్రదాయ వృత్తులవారికి ధ్రువపత్రం, గుర్తింపు కార్డు, శిక్షణ, తక్కువ వడ్డీ రుణం ఇస్తున్నది. 2021లో జపానుతో, 2022లో జర్మనీతో భారతదేశం కుదుర్చుకున్న ఒప్పందాలు నిపుణ కార్మికులకు చట్టబద్ధమైన దారులు చూపాయి. తెలంగాణ ప్రభుత్వ విదేశీ ఉద్యోగ సంస్థ టామ్‌కామ్ నర్సులకు, ఇతరులకు భాషా శిక్షణతో నియామకాలు చేపడుతున్నది. స్వదేశపు ధ్రువపత్రాన్ని గమ్యదేశం అంగీకరించినప్పుడే కార్మికుడు తన అసలు వృత్తిపేరుతో ప్రయాణించగలడు.

10. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ కింది నిర్ధారణలు చేయవచ్చు.

1. నిపుణుని వలసకు వేతన వ్యత్యాసం ఒక్కటే కారణం కాదు. నేర్చిన విద్యకు తగిన పని, ఆ పనికి గుర్తింపు అంతే బలమైన కారణాలు. సాలార్‌జంగ్ నియామకాలు, వరద అనంతర నగర నిర్మాణం దీనికి నిదర్శనాలు.

2. వలసను ప్రభావితం చేసిన విధానాలలో చాలావరకు వలస విధానాలు కావు. బోధనా మాధ్యమం, బంగారు నియంత్రణ, జాగీర్ల రద్దు నైపుణ్యాల భవితవ్యాన్ని వలస చట్టం కన్న లోతుగా మార్చాయి. కనుక అటువంటి ప్రతి నిర్ణయానికి ముందు దాని మీద ఆధారపడిన వృత్తుల లెక్క తీయాలి.

3. నివాసం, బడి చదువు, లైసెన్సు నైపుణ్యానికి కొలమానాలు కావు. వాటిని కొలమానాలుగా వాడిన చోట వివాదం, దొంగదారులు, వేతన నష్టం సంభవించాయి.

4. పని కల్పించే విధానం నిపుణులను నిలుపుతుంది. ఒకే పోషకునితో ఆగక, అనేక కొనుగోలుదారులను ఏర్పరచినప్పుడే ఆ ఫలితం స్థిరపడుతుంది.

5. వెళ్లినవారిని, వారి స్థానంలో వచ్చినవారిని ఒకే విధానపరిధిలో చూడాలి. ఒక వృత్తికి న్యాయమైన కూలి లభించకపోతే ఒకవైపు నిపుణుడు విదేశానికి వెళతాడు, మరొకవైపు బాలకార్మికుడు కార్ఖానాకు వస్తాడు.

వలస వెళ్లే స్వేచ్ఛ పౌరుని హక్కు. దానిని అడ్డుకోవడం ప్రభుత్వ కర్తవ్యం కాదు. వెళ్లడం తప్పనిసరి కాకుండా చూడడం, వెళ్లినవాడు తన పని పేరుతోనే వెళ్లేలా చూడడం, తిరిగివచ్చినవానికి ఆ పనితో బతకగల చోటు ఉంచడం ప్రభుత్వం చేయగలిగినవి. పత్తర్‌గట్టి రాతి కమానులను పరిరక్షించే ప్రణాళికలలో ఆ కమానుల కింద బతికే వృత్తుల పరిరక్షణ కూడా భాగం కావాలని ఈ చరిత్ర సూచిస్తుంది.